ఆపరేషన్ పేషెంట్లలో హెచ్‌ఆర్‌వీ కొలవడం: ముందు రోజు నుంచి వార్డు దాకా

మానిటర్ మీద గుండె వేగం 72 అని ఉన్నంత మాత్రాన గుండె గడియారంలా ప్రతి 833 మిల్లీసెకన్లకూ ఒకసారి కొట్టుకుంటోందని కాదు. రెండు బీట్ల మధ్య ఒకసారి 810 మిల్లీసెకన్లు ఉంటే, తర్వాత 850 ఉంటుంది, ఆ పైన 825 ఉంటుంది. ఈ హెచ్చుతగ్గుల కొలతే హార్ట్ రేట్ వేరియబిలిటీ, వాడుకలో హెచ్‌ఆర్‌వీ. గుండెను నడిపే నరాల్లో వేగాన్ని తగ్గించే వేగస్ చాలా చురుకైనది. అది ఏ మార్పు చేసినా ఒకటి రెండు బీట్లలోనే తెలిసిపోతుంది. వేగాన్ని పెంచే సింపథెటిక్ నరాల వైపు నుంచి వచ్చే మార్పుకు కొన్ని సెకన్లు పడుతుంది. అందుకే బీటుకూ బీటుకూ కనిపించే తేడాలో ఎక్కువ భాగం వేగస్‌దే.

మత్తు డాక్టర్లకు దీంతో పనేమిటంటే, బీపీ పడినప్పుడు ఒళ్లు తనంతట తాను సర్దుకోగలదా లేదా అన్నది ఈ నరాల చేతిలోనే ఉంది. ఆ నరాలు ఎంత చురుగ్గా ఉన్నాయో కత్తి పెట్టకముందే కొంత తెలుసుకోవచ్చు. అయితే ఈసీజీ, బీపీ, ఎస్‌పీఓ2 (రక్తంలో ఆక్సిజన్), ఎండ్ టైడల్ సీఓ2 (వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్), టెంపరేచర్ చేసే పనిని హెచ్‌ఆర్‌వీ చేయలేదు. అవన్నీ నడుస్తుండగా పక్కన పెట్టుకునే అదనపు కొలత ఇది.

ఎవరికి పనికిరాదు

మొదట ఈసీజీ స్ట్రిప్ తీసి సైనస్ రిథమ్ (గుండె సహజ లయ) అవునో కాదో చూడండి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు లయ లేకుండా అదరడం) ఉన్నవాళ్లకు, పేస్‌మేకర్ నడిపిస్తున్న గుండెకు, ఏవీ బ్లాక్ (పై గదుల సంకేతం కింది గదులకు సరిగ్గా చేరకపోవడం) ఉన్నవాళ్లకు, నిమిషానికి నాలుగైదు ఎక్టోపిక్ బీట్లు (వేళ కాకముందే వచ్చే బీట్లు) వచ్చేవాళ్లకు హెచ్‌ఆర్‌వీ లెక్క కట్టొద్దు. గుండె మార్పిడి అయినవాళ్లలో నరాలు తెగి ఉంటాయి కాబట్టి కొలవడానికి అక్కడ ఏమీ ఉండదు. సాఫ్ట్‌వేర్ మాత్రం వీళ్లందరికీ ఏదో ఒక అంకె ఇస్తుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో ఆ అంకె భారీగా వస్తుంది, కుర్రాడి గుండెలా కనిపిస్తుంది. అది నరాల బలం కాదు, లయ తప్పిన గుండె.

ముందు రోజు: ఐదు నిమిషాల బేస్‌లైన్

ఒక పేషెంటు అంకెను పక్క మంచం పేషెంటు అంకెతో పోల్చడం వృథా. వయసు, మందులు, షుగర్, నిద్ర అన్నీ దాన్ని మారుస్తాయి. అదే మనిషి నిన్న ఎంత, ఇవాళ ఎంత అన్నదే పనికొచ్చే ప్రశ్న. కాబట్టి బేస్‌లైన్ (పోల్చి చూడటానికి ముందే తీసిన రీడింగ్) లేకుండా మొదలుపెట్టొద్దు.

పేషెంటును వెల్లకిలా పడుకోబెట్టి, తల కింద ఒక దిండు పెట్టి, పది నిమిషాలు కదిలించకుండా వదిలేయండి. కాఫీ, టీ, సిగరెట్ తాగి కనీసం రెండు గంటలై ఉండాలి. మూత్రం ఆపుకుని పడుకుంటే రీడింగ్ మారిపోతుంది, ముందే వెళ్లి రమ్మనండి. తోడు వచ్చినవాళ్లను ఆ కాసేపు బయట కూర్చోమనండి. మాట్లాడితే ఊపిరి తీరు మారుతుంది, ఊపిరి మారితే హెచ్‌ఆర్‌వీ మారుతుంది. ఆ తర్వాత ఐదు నిమిషాలు రికార్డు చేయండి. ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లో కూడా లెక్కపెట్టి రాయండి. ఏ బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మందు) వాడుతున్నారు, ఆ రోజు మాత్ర ఎన్నింటికి వేసుకున్నారు అన్నదీ పక్కనే ఉండాలి.

ఐదు నిమిషాలే ఎందుకంటే 1996లో యూరప్, అమెరికా గుండె వైద్య సంఘాలు కలిసి ఇచ్చిన ప్రమాణంలో చిన్న రికార్డింగ్‌కు అదే పొడవు పెట్టారు. విరామాలన్నీ సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే ఎస్‌డీఎన్‌ఎన్ అనే కొలత రికార్డింగ్ పొడవుతోపాటు పెరుగుతుంది. గుండెపోటు వచ్చినవాళ్లలో 24 గంటల ఎస్‌డీఎన్‌ఎన్ 50 మిల్లీసెకన్ల కంటే తక్కువ ఉంటే మరణాలు ఎక్కువని 1987లో బయటపడింది. ఆ 50ని తెచ్చి ఐదు నిమిషాల రికార్డింగ్‌కు తగిలించి పేషెంటును భయపెట్టొద్దు. చిన్న రికార్డింగ్‌కు ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ (పక్కపక్క విరామాల తేడాల నుంచి కట్టే లెక్క) నమ్మదగినది.

షుగర్ పేషెంటుకు: కాగితం మీదే చేసే పరీక్ష

సాఫ్ట్‌వేర్ లేదని వదిలేయాల్సిన పని లేదు. ఏ ఊరి ఆసుపత్రిలోనైనా ఉండే మామూలు ఈసీజీ మెషీన్‌తో, ఐదు పైసల ఖర్చు లేకుండా, దీర్ఘశ్వాస పరీక్ష చేయొచ్చు. షుగర్ ఈ నరాలను దెబ్బతీయగలదు కాబట్టి, పదేళ్లు పైబడి అది ఉన్నవాళ్లకు దీన్ని తప్పకుండా చేయాలి. ఓటీలో (ఆపరేషన్ థియేటర్‌లో) పెట్టే ఖరీదైన డిస్‌ప్లేల కంటే ఈ కాగితం ముక్క ఎక్కువసార్లు అక్కరకొస్తుంది.

నిమిషానికి ఆరు ఊపిర్లు తీయించాలి. ఐదు సెకన్లు లోపలికి, ఐదు సెకన్లు బయటికి. పేషెంటు తనంతట తాను లెక్కపెట్టుకోలేడు, మీరే చేత్తో చూపిస్తూ చెప్పాలి. చెయ్యి మెల్లగా పైకెత్తుతూ “గాలి లోపలికి తీస్కోండి... ఇంకా... ఇంకా...” అనండి. దించుతూ “ఇప్పుడు మెల్లగా వదలండి... వదులుతూనే ఉండండి...” అనండి. రెండు మూడు ఊపిర్లు అలవాటు చేయించాకే మెషీన్ ఆన్ చేయండి. కొందరు గబుక్కున పీల్చి ఊపిరి బిగబడతారు, అప్పుడు పరీక్ష చెడిపోతుంది. పీల్చడం ఆగకుండా వదలడంలోకి జారిపోవాలి.

లీడ్ 2 స్ట్రిప్‌ను ఒక నిమిషం పాటు నడపండి. ప్రతి ఊపిరికీ అతి దగ్గరగా ఉన్న రెండు ఆర్ శిఖరాల (బీటుకొకటి చొప్పున నిటారుగా లేచే గీతల) మధ్య చిన్న గళ్లు ఎన్నో లెక్కపెట్టండి, అది పీల్చేటప్పటిది. అతి దూరంగా ఉన్నవాటి మధ్య గళ్లూ లెక్కపెట్టండి, అది వదిలేటప్పటిది. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో నడిస్తే 1500ను ఆ గళ్ల సంఖ్యతో భాగించండి, గుండె వేగం వస్తుంది. ఒక ఊపిరిలో దగ్గరివి 18 గళ్లు, దూరంవి 22 గళ్లు ఉన్నాయనుకోండి. వేగం 83, 68. తేడా 15. ఇంకొకరికి పదహారున్నర, 17 గళ్లు వస్తే వేగం 91, 88. తేడా 3. ఆ స్ట్రిప్‌ను చేతిలో పట్టుకుని దూరం నుంచి చూసినా గీతలన్నీ దువ్వెన పళ్లలా సమానంగా కనిపిస్తాయి. ఆరు ఊపిర్ల తేడాల సగటు తీయండి. 15 లేదా ఎక్కువైతే మామూలు, 11 నుంచి 14 అనుమానం, 10 లేదా తక్కువైతే నరాలు దెబ్బతిన్నట్టు. వయసు పెరిగేకొద్దీ ఈ తేడా ఆరోగ్యవంతుల్లోనూ తగ్గుతుంది. అందుకే డెబ్బై ఏళ్ల మనిషికి 9 వచ్చిందని కంగారుపడొద్దు. నిలబెట్టి బీపీ కూడా చూడండి. మూడు నిమిషాల్లోపు పై బీపీ 20 లేదా ఎక్కువ పడితే అనుమానం బలపడినట్టే. కంట్లో కొత్త రక్తనాళాలు పెరిగిన షుగర్ పేషెంటుకు ఊపిరి బిగబట్టి ఊదించే వల్సాల్వా పరీక్ష పెట్టొద్దు, కంట్లో రక్తస్రావం కావచ్చు.

పరీక్ష తప్పిందంటే మర్నాడు ఏం మారాలి? మత్తు ఇచ్చిన వెంటనే బీపీ బాగా పడుతుందని అనుకునే మొదలుపెట్టాలి. బీపీ పెంచే మందు సిరంజిలో ఎక్కించి చేతికి అందేలా ఉంచాలి. మత్తు మందును మెల్లగా, కొద్దికొద్దిగా ఇవ్వాలి. పెద్ద ఆపరేషనైతే ఆర్టీరియల్ లైన్ (ధమనిలో పెట్టి బీపీని ఎప్పటికప్పుడు చూసే గొట్టం) ముందే పెట్టడం మంచిది. ఇలాంటివాళ్లకు కడుపు ఖాళీ కావడం కూడా ఆలస్యమవుతుంది. ఆరేడు గంటలుగా ఏమీ తినకపోయినా లోపల ఆహారం ఉండొచ్చు, పొర్లి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. గుండె వేగం పడితే దాన్ని పెంచే అట్రోపిన్‌కు సరిగ్గా స్పందించకపోవచ్చు, కాబట్టి అడ్రినలిన్ కూడా సిద్ధంగా ఉండాలి.

ఓటీలో: సిగ్నల్ బాగుంటేనే అంకె

హెచ్‌ఆర్‌వీలో తప్పులు చాలావరకు లెక్కలో జరగవు, స్టిక్కర్ దగ్గర జరుగుతాయి. ఛాతీ మీద వెంట్రుకలుంటే క్లిప్పర్‌తో తీసేయండి, స్పిరిట్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. ప్యాకెట్ తెరిచి రోజుల తరబడి ఉంచిన ఎలక్ట్రోడ్లలో జెల్ ఎండిపోయి ఉంటుంది, వాటిని వాడొద్దు. సర్జన్ పూసే బెటాడిన్ కారి ఎలక్ట్రోడ్ కిందికి చేరితే అది ఊడిపోతుంది. కాబట్టి కోత పెట్టే చోటికి దూరంగా, భుజాల వెనుకగానో పక్కటెముకల మీదుగానో అతికించి పైన ప్లాస్టర్ వేయండి. ఆర్ శిఖరం నిటారుగా, దాని తర్వాత వచ్చే టీ తరంగం చిన్నగా కనిపించే లీడ్ ఎంచుకోండి. టీ పొడవుగా ఉంటే మెషీన్ దాన్ని కూడా బీటుగా లెక్కేస్తుంది.

మానిటర్ సెకనుకోసారి చూపించే గుండె వేగం అంకెను కంప్యూటర్‌లోకి దించుకుని హెచ్‌ఆర్‌వీ లెక్క కట్టడం తరచూ జరిగే పొరపాటు. ఆ అంకె కొన్ని సెకన్ల సగటు. సగటు తీయడమంటేనే హెచ్చుతగ్గుల్ని తుడిచేయడం. మీకు కావలసింది అసలు ఈసీజీ తరంగం, లేదా ప్రతి ఆర్‌ఆర్ విరామం (రెండు ఆర్ శిఖరాల మధ్య సమయం). తరంగాన్ని సెకనుకు ఎన్నిసార్లు నమోదు చేస్తున్నారో కూడా చూడండి. 250 సార్లయితే ఆర్ శిఖరం ఎక్కడుందో 4 మిల్లీసెకన్ల తేడాతో తెలుస్తుంది. మెలకువగా ఉన్నవాళ్లకు ఇది సరిపోతుంది. కానీ మత్తులో ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ 5, 6 మిల్లీసెకన్లకు పడిపోవడం మామూలే. అంత చిన్న కొలతలో 4 మిల్లీసెకన్ల తప్పు చాలా పెద్దది. ఓటీలో 500 లేదా ఇంకా ఎక్కువ పెట్టుకోండి.

మానిటర్ నుంచి తరంగాలు పట్టుకోవడానికి సియోల్ నేషనల్ యూనివర్సిటీ వాళ్ల వైటల్ రికార్డర్ ఉచితంగా దొరుకుతుంది. లెక్కకు ఫిన్లాండ్‌లో పుట్టిన క్యూబియోస్ బాగా వాడుకలో ఉంది. కంప్యూటర్ గడియారం, మానిటర్ గడియారం, ఓటీ గోడ గడియారం మూడింటినీ ఉదయమే ఒకే సమయానికి కలపండి. రెండు నిమిషాల తేడా ఉన్నా ఇంట్యుబేషన్‌కు (గొంతులో ట్యూబు వేయడానికి) వచ్చిన మార్పును కోతకు అంటగడతారు.

కాటరీ (కరెంటుతో కోసే, రక్తం ఆపే పరికరం) నడుస్తున్నప్పుడు వచ్చే సిగ్నల్‌ను వదిలేయండి. దాన్ని సరిదిద్దే ప్రయత్నం కూడా వద్దు. రికార్డింగ్‌కు మంచి సమయం మత్తు ఇచ్చి ట్యూబు వేశాక, డ్రేపింగ్ (పేషెంటు మీద శుభ్రమైన గుడ్డలు కప్పడం) జరుగుతుండగా దొరికే ఐదారు నిమిషాలు. కుట్లు వేసే సమయంలో రెండోది దొరుకుతుంది.

వెంటిలేటర్ రేటు మర్చిపోవద్దు

ఊపిరితో కదిలే హెచ్చుతగ్గులు హెచ్‌ఎఫ్ (హై ఫ్రీక్వెన్సీ) పట్టీలో పడతాయి, అంటే 0.15 నుంచి 0.40 హెర్ట్జ్ మధ్య. వెంటిలేటర్ నిమిషానికి 12 ఊపిర్లు ఇస్తుంటే అది 0.2 హెర్ట్జ్, పట్టీ మధ్యలో ఉంటుంది. రేటును 8కి తగ్గిస్తే 0.13 అవుతుంది. అప్పుడు ఊపిరి శక్తి అంతా ఎల్‌ఎఫ్ (లో ఫ్రీక్వెన్సీ) పట్టీలోకి దూకుతుంది, ఎల్‌ఎఫ్/హెచ్‌ఎఫ్ నిష్పత్తి ఒక్కసారిగా పెరుగుతుంది. చూసినవాళ్లు ఒత్తిడి పెరిగిందనుకుంటారు. పెరిగింది ఏమీ లేదు, ఎవరో రేటు నాబ్ తిప్పారు, అంతే. కాబట్టి రికార్డింగ్ జరిగే ఐదు నిమిషాలూ రేటు 10కి తగ్గకుండా, టైడల్ వాల్యూమ్ (ఒక్కో ఊపిరి పరిమాణం), పీప్ (ఊపిరి వదిలాక మిగిలే ఒత్తిడి) మార్చకుండా ఉంచండి. మార్చాల్సి వస్తే మార్చండి, పేషెంటు ముందు, కొలత తర్వాత. ఆ రికార్డింగ్ మాత్రం పక్కన పెట్టేయండి.

అసలు ఎల్‌ఎఫ్/హెచ్‌ఎఫ్‌ను సింపథెటిక్, వేగస్‌ల తక్కెడలా చూడటం మీద చాలా అభ్యంతరాలున్నాయి. ఎల్‌ఎఫ్‌లో రెండు నరాల పనీ, బీపీ సర్దుబాటు చేసే బారోరిఫ్లెక్స్ పనీ కలిసి ఉంటాయి. సిజేరియన్‌కు స్పైనల్ (వెన్నులో ఇచ్చే మత్తు) ఇచ్చే ముందు ఈ నిష్పత్తి 2.5 దాటితే బీపీ బాగా పడుతుందని ఒక పరిశోధనలో వచ్చింది. తర్వాత చేసినవాటిలో ఫలితాలు ఒకేలా రాలేదు. స్పైనల్ తర్వాత బీపీ పడుతుందని ఎలాగూ తెలుసు కాబట్టి, ఈ అంకె ఎంత వచ్చినా సెలైన్, బీపీ పెంచే మందు సిద్ధం చేసుకోవడం మానొద్దు.

మందులు ఏం చేస్తాయి

అట్రోపిన్, గ్లైకోపైరోలేట్ వేగస్‌ను అడ్డుకుంటాయి, హెచ్‌ఎఫ్ దాదాపు చదునైపోతుంది. మత్తు మందులైన ప్రొపొఫాల్, సెవోఫ్లురేన్ మోతాదు పెరిగేకొద్దీ హెచ్‌ఆర్‌వీని తగ్గిస్తాయి. బీటా బ్లాకర్ వాడేవాళ్లకు ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ పెరిగి కనిపిస్తుంది. బీపీ పెంచే ఎఫెడ్రిన్, మెఫెంటర్మిన్, నార్‌అడ్రినలిన్ ఇచ్చిన నిమిషాల్లో తీసిన రీడింగ్ మందుదే తప్ప పేషెంటుది కాదు. అందుకే ప్రతి మందుకూ నిమిషంతో సహా సమయం రాయాలి.

హెచ్‌ఎఫ్ ఆధారంగా నొప్పిని అంచనా కట్టే ఏఎన్‌ఐ మానిటర్ ఫ్రాన్స్‌లో తయారైంది. 0 నుంచి 100 దాకా చూపిస్తుంది. మత్తులో ఉన్న పేషెంటుకు 50, 70ల మధ్య ఉంటే నొప్పి మందు సరిపోయినట్టు. 50 కంటే కిందికి జారితే కాసేపట్లో బీపీ, వేగం పెరిగే అవకాశం ఉంది. ఇది ఉన్నచోట బాగా పనికొస్తుంది. అట్రోపిన్ ఇచ్చాక, రిథమ్ తప్పినప్పుడు, ఊపిరి నిమిషానికి 9 కంటే తగ్గినప్పుడు మాత్రం దాని మాట వినొద్దు.

ఒక్క ఎక్టోపిక్ ఎంత చెరుపు చేస్తుందో చూడండి

వరసగా ఐదు ఆర్‌ఆర్ విరామాలు: 812, 836, 798, 820, 842. పక్కపక్క వాటి తేడాలు 24, 38, 22, 22. వీటి వర్గాలు 576, 1444, 484, 484. మొత్తం 2988. నాలుగుతో భాగిస్తే 747, దాని వర్గమూలం 27.3. ఇదే ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ.

ఇప్పుడు మధ్యలో ఒక ఎక్టోపిక్ బీటు తొందరపడి వచ్చి, తర్వాత ఒక పెద్ద విరామం పడిందనుకోండి: 812, 520, 1120, 820, 842. అదే లెక్క వేస్తే 366 వస్తుంది. 27 ఎక్కడ, 366 ఎక్కడ! ఐదు నిమిషాల్లో 350 బీట్లు ఉన్నా ఇలాంటివి రెండు మూడు చాలు, ఫలితం చెడిపోవడానికి. కాటరీ వల్ల ఒక బీటు దొరక్కపోయినా, టీ తరంగాన్ని బీటుగా లెక్కేసినా ఇదే జరుగుతుంది.

కాబట్టి ఫలితం చూసే ముందు విరామాల గ్రాఫ్‌ను కళ్లతో చూడండి. మేకులా పైకో కిందికో పొడుచుకొచ్చిన చోట ఆగి, అసలు ఈసీజీలో ఆ బీటును వెతకండి. క్యూబియోస్‌లో దిద్దుబాటుకు ఐదు మెట్లున్నాయి, 0.45 సెకన్ల నుంచి 0.05 దాకా. కనిపించే తప్పులు పోవడానికి ఎంత తక్కువ మెట్టు సరిపోతే అంతే పెట్టండి. గట్టిగా బిగిస్తే నిజమైన హెచ్చుతగ్గులు కూడా కొట్టుకుపోతాయి. దిద్దిన బీట్లు 5 శాతం దాటితే ఆ ముక్కను వాడొద్దు.

ఆపరేషన్ తర్వాత

రికవరీలోకి తెచ్చిన వెంటనే తీసిన రీడింగ్ చూసి చాలామంది నిరాశపడతారు. కండరాలు తిరిగి పనిచేయడానికి నియోస్టిగ్మిన్‌తో కలిపి గ్లైకోపైరోలేట్ ఇస్తాం. సిరలోకి ఇచ్చిన గ్లైకోపైరోలేట్ వేగస్‌ను రెండు మూడు గంటల పాటు అణచి ఉంచుతుంది. ఆ సమయంలో హెచ్‌ఆర్‌వీ చదునుగా కాక ఎలా ఉంటుంది? దానికి తోడు వణుకు ఉంటే కండరాల అలజడి ఈసీజీ నిండా పరుచుకుంటుంది. దుప్పటి కప్పి, వార్మర్ పెట్టి, వణుకు తగ్గాక కూడా ఆ పూట అంకెను నమ్మొద్దు. కనీసం నాలుగు గంటలు ఆగండి. ఇంకా మంచిది మర్నాటి ఉదయం.

వార్డులో రోజూ ఒకే సమయం పెట్టుకోండి. తెల్లవారుజామున, స్పంజింగ్, డ్రెస్సింగ్, ఫిజియోథెరపీ మొదలుకాకముందు అయితే మేలు. బేస్‌లైన్ ఏ భంగిమలో తీశారో అదే భంగిమలో తీయండి. నడుము నొప్పితో తల ఎత్తిపెట్టి పడుకోవాల్సి వస్తే ఆ మాట రాయండి. నొప్పి ఎంతో పేషెంటునే అడిగి పదికి ఎన్నో రాయండి. ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ పక్కన గుండె వేగం కూడా ఎప్పుడూ ఉండాలి. వేగం పెరిగితే విరామాలు కుదించుకుపోతాయి, హెచ్చుతగ్గులకు చోటు తగ్గుతుంది. వేగం 70లో 20 ఉండటం, 110లో 20 ఉండటం ఒకటి కాదు.

పెద్ద ఆపరేషన్ తర్వాత మొదటి ఒకటి రెండు రోజులు తగ్గి ఉండటం సహజం. ఆ తర్వాత మెల్లగా పైకి రావాలి. పైకి వస్తున్నది మళ్లీ జారుతూ, గుండె వేగం పెరుగుతూ ఉంటే వెతకాల్సినవి ఇవి: లోపల రక్తస్రావం, ఇన్ఫెక్షన్, పేగు కుట్టు దగ్గర లీకు, ఆక్సిజన్ తగ్గడం, అదుపులో లేని నొప్పి, నిండిన మూత్రాశయం. హెచ్‌ఆర్‌వీ ఇందులో ఏదో చెప్పదు. పేషెంటు దగ్గరికి వెళ్లి, దుప్పటి తీసి, పొట్ట మీద చెయ్యి పెట్టి చూడాల్సిన సమయం వచ్చిందని మాత్రం చెబుతుంది. అంకె బాగుంది కదా అని పొట్ట బిగుసుకున్న పేషెంటును వదిలేయడం అంతకంటే పెద్ద తప్పు.

బైపాస్ వంటి గుండె ఆపరేషన్ల తర్వాత హెచ్‌ఆర్‌వీ బాగా పడిపోయి వారాల తరబడి అలాగే ఉంటుంది. ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, తాత్కాలిక పేసింగ్ తీగలు. పేసర్ ఆన్‌లో ఉంటే రీడింగ్ తీయొద్దు. రెండు, రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఎక్కువగా మొదలవుతుంది. నిన్న 9 ఉన్న ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ ఇవాళ 120 అయితే సంతోషించకండి, స్ట్రిప్ తీసి పీ తరంగం (గుండె పై గదులు కొట్టుకున్న గుర్తు) ఉందో లేదో చూడండి.

వాచీలు, వేలి క్లిప్పుల మాట. ఇవి గుండెను కాదు, వేలికో మణికట్టుకో చేరిన నాడిని చూస్తాయి. పేషెంటు కదలకుండా నిద్రపోతున్నప్పుడు పరవాలేదు. చెయ్యి చల్లబడితే, బీపీ పెంచే మందు నడుస్తుంటే, అదే చేతికి బీపీ కఫ్ ఊదితే ఆ కొలత చెడుతుంది. ఛాతీకి కట్టుకునే బెల్టు సెన్సర్లు ఆర్‌ఆర్ విరామాలను బాగానే ఇస్తాయి. మోకాలు, హెర్నియా వంటి ఆపరేషన్లకు అవి చాలు. ఛాతీ మీద, పై పొట్టలో కోత ఉన్నవాళ్లకు బెల్టు కట్టలేం, మామూలు ఎలక్ట్రోడ్లే దిక్కు.

కేస్ షీట్‌లో రాసేటప్పుడు ఒట్టి అంకె వేసి ఊరుకోకండి. ఇలా ఉండాలి: “ఉదయం 5:40, వెల్లకిలా, 5 నిమిషాలు, సైనస్ రిథమ్, వేగం 84, ఊపిరి 16, ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ 14, బేస్‌లైన్ 26, దిద్దిన బీట్లు 1 శాతం, నొప్పి 3/10, చివరి ట్రమడాల్ రాత్రి 11:00.” తర్వాతి డ్యూటీ డాక్టర్‌కు ఆ 14 అర్థం కావాలంటే మిగతా మాటలన్నీ కావాలి. అసలు ఈసీజీ ఫైలును కూడా పేషెంటు పేరు లేకుండా, ఐపీ నంబరు బదులు ఒక కోడ్ పెట్టి దాచి ఉంచండి. రేపు ఎవరికైనా ఆ 14 మీద అనుమానం వస్తే మళ్లీ మొదటి నుంచి లెక్క వేసి చూడటానికి అదొక్కటే దారి.